కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలు

భారత జాతీయ కాంగ్రెస్‌కు అధ్యక్షుణ్ణి ఎంచుకునే పద్ధతి, ఆ పదవి కోసం జరిగిన పోటీల చరిత్ర. సంస్థ 1885లో పుట్టింది. తొలి దశాబ్దాల్లో దాదాపు ఏటా అధ్యక్షుడు మారినా, ఓట్లు లెక్కపెట్టాల్సిన అవసరం చాలా అరుదుగా వచ్చింది. తక్కినవన్నీ ఏకగ్రీవాలే. ఇప్పటి నిబంధనావళి ప్రకారం పదిమంది ప్రతినిధులు కలిసి ఏ ప్రతినిధి పేరునైనా ప్రతిపాదించవచ్చు. ఒకరికంటే ఎక్కువమంది బరిలో మిగిలితే అన్ని రాష్ట్రాల ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీల ప్రతినిధులు రహస్య బ్యాలెట్‌తో ఓటు వేస్తారు. సాధారణ సభ్యులకు ఈ ఓటు లేదు.

తొలి దశ

1885 డిసెంబరు 28న బొంబాయిలోని గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో 72 మంది ప్రతినిధులు కూడినప్పుడు అధ్యక్షత వహించినవారు ఉమేశ్ చంద్ర బెనర్జీ. ఆ కాలంలో అధ్యక్ష పదవి మహాసభ జరిగే నాలుగు రోజుల గౌరవం మాత్రమే. పేరు సూచించే పని సభ జరిగే ఊరి ఆహ్వాన సంఘానిది. ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడగలగడం, కోర్టులోనో శాసనసభలోనో పేరుండటం చాలు. 1891లో నాగపూర్ మహాసభకు అధ్యక్షత వహించిన పనప్పాకం ఆనందాచార్యులు ఇప్పటి చిత్తూరు ప్రాంతంలో పుట్టి మద్రాసులో స్థిరపడ్డ ప్రముఖ న్యాయవాది. ఈ స్థానం అందుకున్న మొదటి తెలుగువారాయన.

మితవాదులు, అతివాదుల మధ్య వైరం ముదిరాక ఈ గౌరవానికి గిరాకీ పెరిగింది. 1906లో కలకత్తా సభకు అతివాదుల నేత తిలక్ పేరు రాకుండా చూడటానికి ఇంగ్లండ్‌లో ఉన్న 81 ఏళ్ల దాదాభాయి నౌరోజీని పిలిపించారు. ఆయన మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు. మరుసటి ఏడు సూరత్‌లో అలాంటి పెద్దమనిషి దొరకలేదు. రాస్ బిహారీ ఘోష్ పేరు ప్రతిపాదించగానే గొడవ మొదలైంది, వేదిక మీదికి చెప్పు వచ్చి పడింది, కాంగ్రెస్ చీలింది. 1917లో అనీబిసెంట్ అధ్యక్షురాలయ్యాక పదవి ఏడాది పొడవునా చేసే పనిగా మారింది. 1920 నాగపూర్ నిబంధనావళి భాషా ప్రాతిపదికన రాష్ట్ర సంఘాలను ఏర్పరిచి, కార్యవర్గాన్ని స్థాపించి, అధ్యక్షుడి చేతికి ఒక యంత్రాంగాన్ని ఇచ్చింది.

గాంధీజీ నీడ

గాంధీజీ స్వయంగా అధ్యక్షత వహించింది 1924లో బెల్గాం సభకు ఒక్కసారే. ఆ తర్వాత అధ్యక్షుడు ఎవరన్నది ఆయన మనసులో మాటను బట్టి తేలేది. 1929 లాహోర్ సభకు పది రాష్ట్ర సంఘాలు గాంధీజీని, అయిదు వల్లభ్‌భాయి పటేల్‌ను, మూడు మాత్రమే జవాహర్‌లాల్ నెహ్రూను సూచించాయి. గాంధీజీ తాను తప్పుకుని జవాహర్‌లాల్ పేరు చెప్పారు. పటేల్ కూడా పక్కకు జరిగారు. ముగ్గురిలో తక్కువ మద్దతు వచ్చిన వ్యక్తి అధ్యక్షుడయ్యారు. నాయకుడికి కావలసింది రాష్ట్ర సంఘాల లెక్క కాదనీ, యువతరాన్ని కాంగ్రెస్‌లో నిలపగల శక్తి అనీ గాంధీజీ అంచనా. అప్పటికి అది సరైన అంచనాయే.

1934లో గాంధీజీ కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. కాబట్టి అయిదేళ్ల తర్వాత జరిగిన అసలైన పోటీనాటికి ఆయన నాలుగణాల చందా కట్టే సాధారణ సభ్యుడు కూడా కాదు.

1939: సుభాష్, పట్టాభి

1938 హరిపుర సభకు ఏకగ్రీవంగా ఎన్నికైన సుభాష్ చంద్రబోస్ మరుసటి ఏడు మళ్లీ నిలబడ్డారు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని ఫెడరేషన్ పథకంపై కొందరు పెద్దలు రాజీపడతారేమోనన్న అనుమానం ఆయనది. అధ్యక్ష ఎన్నిక విధానాల మీద జరగాలి, అభ్యర్థులు తమ కార్యక్రమం చెప్పి ఓటు అడగాలి అన్నది ఆయన వాదన. గాంధీజీ వర్గం మొదట మౌలానా ఆజాద్‌ను అనుకుంది. ఆయన తప్పుకోవడంతో భోగరాజు పట్టాభి సీతారామయ్య మిగిలారు.

1880లో ఇప్పటి ఏలూరు జిల్లా గుండుగొలనులో పుట్టిన పట్టాభి మచిలీపట్నంలో వైద్యుడు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఆంధ్రకు వేరే రాష్ట్ర కాంగ్రెస్ సంఘం కావాలని పట్టుబట్టినవారిలో ముందువరసలో ఉన్నారు. 1935లో కాంగ్రెస్ స్వర్ణోత్సవానికి సంస్థ చరిత్రను ఇంగ్లీషులో పెద్ద గ్రంథంగా రాసినవారూ ఆయనే. వేదికల మీద బోస్‌కు ఉన్న ఆకర్షణ ఆయనకు లేదు. జ్ఞాపకశక్తి, లెక్కల పట్ల శ్రద్ధ, కమిటీ పనిలో ఓపిక మాత్రం పుష్కలం. ఇలాంటి గుణాలు ఓట్లు తేవడం అరుదు, సంస్థలు నిలిచేది మాత్రం వీటివల్లే.

పోలింగుకు కొద్దిరోజుల ముందు పటేల్, రాజేంద్రప్రసాద్, కృపలానీ, శంకర్రావు దేవ్, జమ్నాలాల్ బజాజ్, భూలాభాయి దేశాయి, జైరాందాస్ దౌలత్‌రాం ఒక ప్రకటన చేశారు. విధానాలు నిర్ణయించేది మహాసభ, కార్యవర్గం, అధ్యక్షుడు సభాపతివంటివాడు, ఆ పదవికి పోటీ పెట్టే ఆనవాయితీ లేదు, అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప ఒకరినే మళ్లీ ఎన్నుకోనక్కరలేదు అన్నది దాని సారాంశం. నాయకుడు దారి చూపేవాడా, అందరి మాటా కూర్చేవాడా అన్న వివాదం ఇంత సూటిగా ఓటుకు రావడం కాంగ్రెస్‌లో అదే మొదలు.

జనవరి 29న ఓటింగ్ జరిగింది. సుభాష్‌కు 1,580, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. బెంగాల్, పంజాబ్ సుభాష్ వైపు, ఆంధ్ర, గుజరాత్, బీహార్ పట్టాభి వైపు మొగ్గాయి. రెండు రోజులకు గాంధీజీ ఆ ఓటమి పట్టాభికంటే తనకే ఎక్కువగా చెందుతుందని ప్రకటించారు. పట్టాభిని ఓదార్చడానికన్నట్టు వచ్చిన ఆ మాట గెలిచినవారి చేతులు కట్టేసింది. ఫిబ్రవరి 22న కార్యవర్గ సభ్యులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. సుభాష్, ఆయన అన్న శరత్ దాదాపు ఒంటరులయ్యారు.

మార్చిలో జబల్‌పూర్ దగ్గరి త్రిపురిలో మహాసభ జరిగింది. 52వ సభ కాబట్టి ఊరేగింపుకు 52 ఏనుగులు వచ్చాయి. అధ్యక్షుడు మాత్రం జ్వరంతో మంచాన ఉన్నారు, ఏనుగుల వెంట వెళ్లింది ఆయన చిత్రపటం. గాంధీజీ కోరిక ప్రకారమే కార్యవర్గాన్ని ఏర్పరచాలన్న గోవింద్ వల్లభ్ పంత్ తీర్మానం నెగ్గింది. గాంధీజీ పేర్లు చెప్పలేదు, సుభాష్ సొంతంగా వేయలేకపోయారు. ఏప్రిల్ 29న కలకత్తాలో రాజీనామా చేశారు. రాజేంద్రప్రసాద్ ఆ స్థానంలోకి వచ్చారు. 203 ఓట్ల మెజారిటీ ఆయుష్షు మూడు నెలలు.

1946–1951

1946లో అధ్యక్షుడయ్యేవారే తాత్కాలిక ప్రభుత్వానికి పెద్ద అవుతారని అందరికీ తెలుసు. రాష్ట్ర సంఘాల్లో అత్యధికం పటేల్‌ను సూచించాయి. గాంధీజీ మొగ్గు నెహ్రూ వైపు ఉండటంతో పటేల్ మళ్లీ తప్పుకున్నారు. అదే ఏడు మద్రాసు శాసనసభా పక్షం కథ వేరుగా నడిచింది. గాంధీజీ రాజాజీని సూచించినా సభ్యులు వినలేదు, టంగుటూరి ప్రకాశాన్ని నాయకుడిగా ఎన్నుకున్నారు. ఏడాది తిరక్కముందే ఆయన మంత్రివర్గం పడిపోయింది.

1948లో పట్టాభి మళ్లీ పోటీ చేసి పురుషోత్తమ్ దాస్ టాండన్‌పై గెలిచారు. ఆయనకు 1,199, టాండన్‌కు 1,085 ఓట్లు వచ్చాయి. ఓడిన తొమ్మిదేళ్లకు ఆయన అదే పదవికి ఓట్లతోనే వచ్చారు. భాషా రాష్ట్రాల సమస్యపై జైపూర్ సభలో వేసిన జె.వి.పి. సంఘంలో జవాహర్‌లాల్, వల్లభ్‌భాయిల తర్వాతి అక్షరం ఆయనదే. మద్రాసు నగరంపై హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చన్న ఆ సంఘం నివేదిక 1949లో వచ్చింది. తెలుగు ప్రాంతంలో అది ఆయనకు మంచిపేరు తేలేదు. అందరి మాటా కూర్చే నాయకుడికి సొంత ఊళ్లో ఎదురయ్యే కష్టం ఇదే.

1950 పోటీలో ముగ్గురు నిలిచారు: పటేల్ మద్దతున్న టాండన్, నెహ్రూ వర్గానికి దగ్గరైన కృపలానీ, శంకర్రావు దేవ్. ఓట్లు వరుసగా 1,306, 1,092, 202. అధ్యక్ష పదవికి పోటీ పెట్టే ఆనవాయితీ లేదని 1939లో సంతకాలు పెట్టిన ఏడుగురిలో ఇద్దరు ఈసారి అభ్యర్థులు కావడం గమనార్హం. డిసెంబరులో పటేల్ మరణించారు. 1951లో నెహ్రూ కార్యవర్గం నుంచి రాజీనామా చేసి టాండన్‌ను ఇరుకున పెట్టారు. టాండన్ తప్పుకోగా సెప్టెంబరులో నెహ్రూయే అధ్యక్షుడయ్యారు. ప్రధానికీ పార్టీ అధ్యక్షుడికీ పేచీ వస్తే ఎవరిది పైచేయో ఆనాటితో తేలిపోయింది.

ఆ పోరు రాష్ట్రాలకూ పాకింది. ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి 1951లో జరిగిన హోరాహోరీ పోటీలో నీలం సంజీవరెడ్డి ఎన్.జి. రంగాను ఓడించారు. రంగా, ప్రకాశం పార్టీ వీడారు. మరుసటి సాధారణ ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్ బాగా దెబ్బతింది.

తర్వాతి కాలం

ఇక్కణ్నుంచి రెండున్నర దశాబ్దాలు జాతీయ అధ్యక్ష పదవికి పోటీ లేదు. సంజీవరెడ్డి 1960లోనూ, ఆయన తర్వాత దామోదరం సంజీవయ్యా అధ్యక్షులయ్యారు. సంజీవయ్య ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు. 1977లో పార్టీ ఓడిపోయాక అఖిల భారత కాంగ్రెస్ కమిటీలో సిద్ధార్థ శంకర్ రేపై గెలిచి కాసు బ్రహ్మానందరెడ్డి అధ్యక్షుడయ్యారు. 1978 జనవరిలో ఇందిరాగాంధీ వేరే పార్టీ పెడితే ఆమెను బహిష్కరించారు. ఫిబ్రవరిలో బ్రహ్మానందరెడ్డి సొంత రాష్ట్రంలోనే ఓటర్లు ఇందిర పార్టీని గెలిపించారు. 1980లలో పదవి ప్రధాని ఇంట్లోనే ఉంది.

1992లో పి.వి. నరసింహారావు అధ్యక్షతన తిరుపతిలో జరిగిన ప్లీనరీలో చాలా ఏళ్ల తర్వాత కార్యవర్గానికి ఎన్నికలు జరిగాయి. అర్జున్ సింగ్, శరద్ పవార్ నెగ్గారు. ఎన్నికైనవారిలో మహిళలు, దళితులు లేరన్న కారణం చూపి పి.వి. వారందరితో రాజీనామా చేయించి, సభ్యులను తానే నియమించారు. కారణం న్యాయమైనదే; తన ప్రత్యర్థుల బలం తగ్గడం దానికి కొసరు.

1997లో సీతారాం కేసరి 6,224 ఓట్లతో శరద్ పవార్ (882), రాజేశ్ పైలట్ (354)లను ఓడించారు. ఏడాదిలోపే, 1998 మార్చి 14న, కార్యవర్గం ఆయన్ను పక్కన పెట్టి సోనియాగాంధీకి పదవి అప్పగించింది. 2000లో ఆమెకు ఎదురు నిలిచిన జితేంద్ర ప్రసాదకు దక్కినవి 94 ఓట్లు, ఆమెకు 7,448. ఇంతటి అంతరంలోనూ పేరు నమోదు చేయించుకున్న ఆ ధైర్యం మెచ్చదగినది.

రాహుల్‌గాంధీ 2017లో పోటీ లేకుండా వచ్చి 2019 ఓటమి తర్వాత తప్పుకున్నారు. 2022 పోటీలో మొదట అశోక్ గెహ్లాత్ పేరు వినిపించింది. రాజస్థాన్ ఎమ్మెల్యేలు అధిష్ఠానం పిలిచిన సమావేశానికి రాకపోవడంతో ఆ ఆలోచన ఆగిపోయింది. పూర్వపు హైదరాబాద్ రాజ్యంలోని బీదర్ జిల్లాలో పుట్టిన మల్లికార్జున ఖర్గే, తిరువనంతపురం ఎంపీ శశి థరూర్ మిగిలారు. అధికారికంగా ఎవరి వైపూ లేమని గాంధీ కుటుంబం చెప్పినా, సీనియర్లు ఖర్గే వెనుకే నడిచారు. బ్యాలెట్‌పై అంకె వేయాలన్న నిబంధన గందరగోళానికి దారితీస్తుందని థరూర్ అభ్యంతరం చెప్పగా టిక్కు పెట్టే పద్ధతికి మార్చారు. ఏ రాష్ట్రం ఎవరికి వేసిందో తెలియకుండా బ్యాలెట్లన్నీ ఢిల్లీలో కలిపి లెక్కించారు. అక్టోబరు 19న ఫలితం: ఖర్గే 7,897, థరూర్ 1,072, చెల్లనివి 416. మరుసటి ఏడు ఆగస్టులో ఖర్గే ప్రకటించిన కార్యవర్గంలో థరూర్ పేరు కూడా ఉంది.