రాగితీగ నుండి గాజుపోగు దాకా

మన దేశంలో సామాన్యులకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభ్యమైంది. పార్వతీపురం వంటి ఊళ్ళకది చేరడానికి మరికొన్నేళ్ళు పట్టింది. డయలప్ మోడెము కీచురవం మిత్రులకు జ్ఞాపకముండే ఉంటుంది. అది పలుకుతున్నంతసేపూ ఇంటి ఫోను మూగబోయేది. మాటకోసం పుట్టిన తీగమీద అక్షరాన్నీ ధ్వనిగా మార్చి పంపడం వల్ల వేగం సెకనుకు 56 కిలోబిట్లు దాటేది కాదు. చేతికందేది అంతకన్నా తక్కువే.

2004 నాటి ప్రభుత్వ విధానం 256 కిలోబిట్లుంటే చాలు, బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చునన్నది. (ఆ హద్దు 2013లో 512కు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది.) 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. వారి డేటావన్ వచ్చింది. తీగ పాతదే. మానవకంఠం వాడుకోని హెచ్చు పౌనఃపున్యాలను అంతర్జాలానికి కేటాయించడమే ఏడీఎస్ఎల్ చేసిన చమత్కారం. ఫోనూ జాలమూ ఏకకాలంలో నడిచాయి.

మాత్రకూ అక్షరానికీ భేదం చెప్పి బ్రతికిన నాకు బిట్టుకూ బైటుకూ భేదం తెలియలేదు. ఎనిమిది బిట్లొక బైటు గనుక 256 కిలోబిట్లంటే సెకనుకు 32 కిలోబైట్లే. అదైనా అందరికీ సమానంగా రాదు. హెచ్చు పౌనఃపున్యం రాగిలో దూరం పోయేకొద్దీ క్షీణిస్తుంది. ఎక్స్ఛేంజికి నాలుగైదు కిలోమీటర్లు దాటితే మిగిలేది స్వల్పం. అతుకుల్లో తేమ చేరితే మరీ కష్టం. ఒక వర్షాకాలమంతా నా కంప్యూటరును నిందించాను. దోషం వీధి స్తంభం మీది అతుకులో ఉంది.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏ.పి. ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. ప్రారంభ పథకం నెలకు 149 రూపాయలు, 15 మెగాబిట్లు. గాజుపోగులో పయనించేది వెలుగు. ఊరిలోపలి దూరానికి అది చిక్కదు, పక్కనున్న విద్యుత్తు తీగకూ చలించదు. అయితే ఒక పోగును అనేక గృహాలు పంచుకుంటాయి కాబట్టి అందరూ చూసే సాయంవేళ మందగించవచ్చు. ఇంట్లో వైఫైకి గోడలడ్డం. పైగా తవ్వకం ఖర్చు తప్పించుకోవడానికి ఆ కేబులును విద్యుత్ స్తంభాల మీదుగానే లాగారు. స్తంభం కూలితే వెలుగూ కూలుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలను పడగొట్టిన సంగతి మరువరాదు.

ఇదంతా పట్టణం కథ. గుమ్మలక్ష్మీపురం, సీతంపేట కొండల మీది జాతాపు, సవర గూడేలలో చాలావాటికి రాగీ గాజూ రెండూ ఎక్కలేదు. వారికి దిక్కు సెల్ టవరు. కొండ మలుపు తిరిగితే సంకేతం తెగిపోతుంది. టవరును పెద్ద జాలంతో కలిపే లంకె సన్ననిదైతే ఫోనులో గీతలు నిండుగా కనిపించినా పుట తెరుచుకోదు. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేమారు ప్రారంభించిన నూరు టవర్లలో మా జిల్లా వాటా పది.

2020లో బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి మారినప్పుడు, కొండమీది పూర్వవిద్యార్థిని ఒకతె సందేహం అడగడానికి పిలిచింది. మాట మధ్యలో మూడుసార్లు తెగింది. నాలుగోమారు గాలిహోరు వినవచ్చింది. ఎక్కడున్నావమ్మా అని అడిగాను.

"ఊరికి పైనున్న బండమీద, మాస్టారూ. ఇక్కడొక్కచోటే వస్తాది. వానొచ్చేలోగా చెప్పెయ్యండి."