పేరు పక్కన వార్డు లేని సిస్టర్

రాత్రి 8 కావడానికి పది నిమిషాలుంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి. నర్సింగ్ ఆఫీసు గోడకు అంటించిన డ్యూటీ చార్టు ముందు నిలబడి ఉన్నారు మీరు. అందరి పేర్ల పక్కనా ఏదో ఒక వార్డు ఉంది. ఒక్క పేరు పక్కన మాత్రం ‘ఫ్లోట్’ అని రాసి ఉంది. ఆ అమ్మాయి బల్ల దగ్గరే నిలబడి జుట్టు ముడి వేసుకుంటోంది. మొన్న పిల్లల వార్డు, నిన్న ఐసీయూ. ఇవాళ ఎక్కడో తనకూ తెలియదు.

ఫోన్ మోగింది. “ఆర్థోలో ఇద్దరు రాలేదు. ఐదో ఫ్లోరుకు పోమ్మా,” అంది సూపర్‌వైజర్. ఆమె వెనకే మీరూ లిఫ్టు ఎక్కండి.

తలుపు తెరుచుకోగానే స్పిరిట్ వాసన, ఎవరిదో సన్నని మూలుగు. 28 మంచాలు. రాత్రికి ఈమెతో కలిపి ముగ్గురు సిస్టర్లు. పగటి సిస్టర్ బస్సు తప్పిపోతుందన్న తొందరలో హ్యాండోవర్ ఇస్తోంది. “12లో తుంటి ఆపరేషన్, రెండో రోజు. 14లో షుగర్ పేషెంటు, రాత్రికి ఇన్సులిన్ ఉంది...” ఈమె అన్నీ రాసుకుంది. ఆ తర్వాత అడిగింది: “సిస్టర్, ఒక్క నిమిషం. ఎమర్జెన్సీ ట్రాలీ ఎక్కడుంది? మందుల అల్మారా తాళం ఎవరి దగ్గర? డ్యూటీ డాక్టర్‌ని ఏ నంబరుకు పిలవాలి?”

ఏ వార్డులో మనిషి తక్కువైతే అక్కడికి వెళ్లే ఫ్లోట్ నర్సు పనితనం నాకు కనిపించేది ఈ మూడు ప్రశ్నల్లోనే. ఆమెను స్టెప్నీ టైరులా చూస్తారు చాలామంది. స్టెప్నీ ఒక్క బండికి సరిపోతే చాలు. ఈమె మాత్రం రోజుకో బండికి సరిపోవాలి.

14వ మంచం మీద నల్లగొండ వైపు నుంచి వచ్చిన ముసలాయన కళ్లు చికిలించి చూశాడు. “కొత్తగున్నవ్ బిడ్డా. రోజొచ్చే పిల్ల ఏది?” పక్కనున్న కొడుకు మొహం కూడా అదే అడుగుతోంది. “ఇయ్యాల నేనే తాతా. నీ పేరు ఒకసారి నువ్వే చెప్పు,” అంటూ చేతి పట్టీ మీది పేరుతో సరిచూసుకుంది. కేస్ షీట్‌లో 10 యూనిట్లు అని ఉంది. ట్రేలో ఎర్ర మూత సిరంజి సిద్ధంగా ఉంది.

ఇక్కడ కాస్త దగ్గరికి వచ్చి చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్ సీసాను ఆమె లైటు కిందికి పట్టుకెళ్లింది. లేబుల్ మీద 100 అని ఉంది. మన దగ్గర ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు అని రెండు బలాల్లో దొరుకుతుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. ఎర్ర మూత సిరంజితో ఈ సీసాలోంచి పది గీతల దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. అర్ధరాత్రి నిద్రలోనే షుగర్ పడిపోతుంది. “సిస్టర్, మీ వార్డులో వాడేది 40 కదా, ఇది 100 ఎలా వచ్చింది?” అని పక్కామెను పిలిచింది. కొడుకు బయటి మందుల షాపులో కొని తెచ్చాడట. నారింజ మూత సిరంజి తెప్పించి, ఇద్దరూ కలిసి గీత చూశాకే సూది వేసింది.

రెండు దాటింది. 12వ మంచం దగ్గర ఆగి, గడియారం చూస్తూ ఆ పెద్దావిడ ఊపిరిని పూర్తి నిమిషం లెక్కపెట్టింది. 28. సాయంత్రం చార్టులో 18 ఉంది. ఐసీయూలో పనిచేసిన కళ్లు అవి. ఫోన్ చేసింది, ఆక్సిజన్ పెట్టింది. డాక్టర్ వచ్చి చూసి ఐసీయూకు మార్చమన్నారు. స్ట్రెచర్ లిఫ్టులోకి వెళ్లేదాకా చూస్తూ నిలబడింది. ఆవిడ తర్వాత ఎలా ఉందో ఈమెకు తెలియకపోవచ్చు. రేపు ఇంకో వార్డు.

నర్సులు చాలకపోతే ఏమవుతుందో లెక్కలూ ఉన్నాయి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రుల మీద చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. అందులోని రోగులంతా ఆపరేషన్లు అయినవాళ్లే. ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి పెరిగేకొద్దీ నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని తేలింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి నర్సుకు ఇంతమందే రోగులన్న లెక్క చట్టంగా అమల్లో ఉంది. ఆ వార్డు పని నేర్పకుండా, వచ్చని తేల్చుకోకుండా ఏ నర్సునీ అక్కడికి పంపకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. మన భారత నర్సింగ్ కౌన్సిల్ కూడా సెలవుల కోసం 30 శాతం నర్సులను అదనంగా ఉంచుకోవాలంటుంది. ఆ అదనం పెట్టుకోకుండా, ఒక వార్డులోంచి చేతికందిన మనిషిని లాగి ఇంకో వార్డులో పడేసి దాన్ని ఫ్లోటింగ్ అనడం తప్పు. రోగికీ అన్యాయం, ఆ అమ్మాయికీ అన్యాయం. ఫ్లోట్ నర్సులను విడిగా తీసుకోవాలి, ప్రతి వార్డులో పని నేర్పాలి, జీతం కాస్త ఎక్కువే ఇవ్వాలి.

తెల్లవారింది. ముసలాయన షుగర్ 132. ఇడ్లీ తింటూ, “రేపు గూడ నువ్వే రా బిడ్డా,” అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

మీ మంచం దగ్గరికి ఎప్పుడైనా తెలియని సిస్టర్ వస్తే మొహం తిప్పుకోకండి. మీ పేరు, మీకు ఏ మందు పడదో, ఇవాళ ఏం తిన్నారో అడక్కముందే చెప్పండి. ఆమె పేరు కూడా అడగండి.