కోట గవనులు, కంప్యూటరు గవనులు



మొన్న మా చెల్లెలి కొడుకు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, "మామా, దీనికి ఏ ఫైర్‌వాల్ వేసుకోమంటావు?" అని అడిగాడు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. నా మనసు 2003 దాకా వెనక్కి పోయింది. ఆ చరిత్రంతా ఈ టపాలో పెడుతున్నాను.

ముందుగా మాట సంగతి. పక్కింటి మంట మనింటికి అంటుకోకుండా కట్టే గోడకు ఆంగ్లంలో ఆ పేరు. బోదకొట్టాల వీధుల్లో పుట్టి పెరిగినవారికి ఆ గోడ విలువ వేరే చెప్పనక్కరలేదు. కాని తెలుగు పండితుడిగా నాకీ పోలిక పూర్తిగా నచ్చదు. మంటను ఆపే గోడకు వాకిలి ఉండకపోవడమే మేలు. సంగణకానికి వాకిళ్లు లేకుంటే అది ఎందుకూ పనికిరాదు. సంఖ్యలు వేసి మరీ పెట్టిన ద్వారాలు దానికి 0 నుండి 65,535 దాకా ఉన్నాయి. ఆంగ్లంలో పోర్టులంటారు. మన ప్రాచీనులు కోట ద్వారాన్ని గవని అన్నారు. నేనూ ఆ మాటే వాడతాను. మా చంద్రగిరి కోటనే తలచుకోండి. కందకం, ప్రాకారం ఎంత గట్టివైనా, ఏ గవని ఎవరికి తెరవాలో నిర్ణయించేవాడు ఒకడుండాలి కదా. ఫైర్‌వాల్ పని అదే.

2003 ఆగస్టులో నేను ఎక్స్‌పీ సంగణకంలో, గౌతమి ఖతిలో, కపిల బావుల మాటలు ఎక్కించుకుంటూ ఉన్నాను. మోటార్లు వచ్చాక కపిలలు పోయాయి, వాటితో మాటలూ పోతున్నాయి. ఒక పెద్దాయన తన అరుగు మీద కూర్చోబెట్టుకుని రెండు సాయంకాలాలు ఓపికగా చెప్పినవి అవి. టెలిఫోను తీగ తగిలించి జాలంలోకి వెళ్లానో లేదో, తెర మీద ఒక పెట్టె లేచి అరవై సెకన్లలో యంత్రం ఆగిపోతుందని లెక్క మొదలుపెట్టింది. నేను ఆ ఆంగ్లం చదివి అర్థం చేసుకునేలోపే ఆగిపోయింది. భద్రపరచని పుటలు పోయాయి. చిత్తుకాగితాలు ముందే పారవేశాను. ఆ తప్పు నాదే.

అది బ్లాస్టర్ అనే పురుగు. 135వ గవని గుండా వచ్చేది. మనం ఏ ఉత్తరమూ తెరవనక్కరలేదు, ఏ బొమ్మా నొక్కనక్కరలేదు; జాలానికి తగులుకుని ఉంటే చాలు. దానికి మందు మైక్రోసాఫ్ట్ జూలైలోనే విడుదల చేసింది. అంతకన్నా విచిత్రం, 2001లో వచ్చిన ఎక్స్‌పీలోనే ఒక ఫైర్‌వాల్ ఉంది. కాని దాన్ని ఎవరికివారు వెతికి తెరుచుకోవాలి. తలుపు బిగించి, గడియ అటక మీద దాచినట్టు!

ఆ తరువాత అందరి నోటా ఒకటే ప్రశ్న: ఏది మంచిది? జోన్అలారమ్, కెరియో, సైగేట్ అనే పేర్లు వినిపించేవి. నేను జోన్అలారమ్ ఎంచుకున్నాను. సొంత వాడకానికి ఉచితం, పైగా లోపలికి వచ్చేవాటినే కాదు, బయటికి పోయే ప్రతి ప్రోగ్రామునూ నిలేసి, "పంపనా, వద్దా?" అని నన్ను అడిగేది. మొదటి వారం శ్రద్ధగా చదివాను. రెండో వారం నుండి చదవకుండానే "సరే" నొక్కసాగాను. కావలివాడు మేలుకునే ఉన్నాడు, నిద్రపోయింది యజమాని.

2004 ఆగస్టులో ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ వచ్చి, సొంత ఫైర్‌వాల్‌ను మొదటినుంచే తెరిచి ఉంచింది. అది లోపలికి వచ్చేవాటినే ఆపేది, బయటికి పోయేవాటిని పట్టించుకునేది కాదు. అయినా నా దృష్టిలో ఆ ఒక్క మార్పు చేసిన మేలు అన్ని ఉచిత ఫైర్‌వాళ్లూ కలిసి చేయలేదు. ఎంచుకోవడం చేతకానివారికి కూడా రక్షణ దొరికింది.

అయితే పురుగులు ఆగిపోలేదు. 2017 మే 12న వానాక్రై లోకమంతా పాకింది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు సంగణకాలు దాని పాలబడ్డాయని పత్రికల్లో చదివాము. తిరుపతిలో దేవస్థానం వారి కార్యాలయ యంత్రాలు కొన్నింటికీ సోకింది. దస్త్రాలకు తాళం వేసి, తాళంచెవికి మూడు వందల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగేది. పాత ఎక్స్‌పీ వల్లనే ఇదంతా అని అప్పట్లో చాలామంది అన్నారు గాని, లోకం మొత్తం మీద ఎక్కువగా దెబ్బతిన్నది విండోస్ 7. ఈసారి కూడా మందు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చి ఉంది.

అప్పటికి విండోస్‌లో ఫైర్‌వాల్ ఉండడం మామూలైపోయింది. మరి పురుగు ఎలా చొరబడింది? 445వ గవని గుండా. ఒకే కార్యాలయంలోని యంత్రాలు దస్త్రాలు పంచుకోవడానికి వాడుకునేది అదే. బయటివారికి మూసినా, పక్క బల్ల మీది యంత్రం మనదే కదా అని దానికి తెరిచి ఉంచుతాము. ఆ పక్క యంత్రానికి సోకితే ఇక ప్రాకారంతో పనేముంది? మళ్లీ బోదకొట్టాల వీధే గుర్తుకొచ్చింది నాకు. ఆంగ్లేయుడి పోలిక మీద నా అలక కొంత తగ్గింది.

మా వాడితో చివరకు చెప్పింది ఇంతే: కొత్తగా ఏదీ కొనవద్దు. విండోస్‌లో ఉన్నదాన్ని ఆపకు. రైల్వేస్టేషన్లో, లాడ్జిలో వైఫై తగిలించుకుంటే అది పబ్లిక్ నెట్‌వర్క్ అని చెప్పు. నవీకరణలు వాయిదా వేయకు. రాసుకున్నది ఇంకో డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టు. "ఫైర్‌వాల్ గురించి అడిగితే బీరువా గురించి చెబుతావేం మామా?" అని నవ్వాడు వాడు.

పోయిన కపిల మాటల్లో చాలావరకు మళ్లీ సేకరించాను. కాని తోలుతిత్తి మూతికి బిగించే ఇనుప వలయానికి ఆ పెద్దాయన చెప్పిన పేరు మాత్రం గుర్తుకు రావడం లేదు. ఆయన 2005లో కాలం చేశారు. మీ ఊళ్లలో దానిని ఏమనేవారో తెలిసినవారు దయచేసి రాయగలరు.