పరాయి ఊళ్ళో దొరికిన పేరు

దగ్గరికి జరుగు తల్లీ. బల్లగుడ్డ మోకాళ్ళ మీదికి లాక్కో, కింద కుంపటి వేడి బయటికి పోకుండా. ఇందాక నువ్వన్న మాట నాకు గుచ్చుకుంది. మాడ్రిడ్‌లో నాతో ఫోను మాట్లాడాలంటే గది బయటికి వెళ్తున్నావట. మాట చివర 'స' మింగేస్తావని నవ్వుతారట. నేనూ పడ్డానమ్మా ఆ పాట్లు. చెబుతా విను.

నా చిన్నప్పుడు మన కార్మోనా చుట్టుపక్కల భూములన్నీ పెద్ద పెద్ద ఆసాములవి. మనకి చేతులే ఆస్తి. తెల్లారకముందే వెళ్ళి కూలీల అడ్డా మీద నిలబడేవాళ్ళం. మేస్త్రీ వచ్చి 'నువ్వు, నువ్వు' అని వేలు చూపించేవాడు. ఆ వేలు మనవైపు తిరగకపోతే ఆ పూట పొయ్యిలో పిల్లి లేచేది కాదు. చలికాలం ఆలివ్ కాయలు ఏరి ఏరి మా అమ్మ వేళ్ళు నెత్తురు కారేవి.

1962లో, నాకు 17 ఏళ్ళప్పుడు, అట్టపెట్టెకి తాడు కట్టుకుని సెవియాలో బార్సిలోనా బండెక్కాను. అంతవరకు నేను కార్మోనావాణ్ణి, అంతే. పక్కూరివాడంటేనే పడేది కాదు. అక్కడ ఫ్యాక్టరీలో నీది ఏ ఊరని ఎవరూ అడగలేదు. నోరు తెరవగానే 'అండలూసియావాడు' అన్నారు. ఆ అనడంలో చులకన ఉండేది. సినిమాల్లో పనిమనిషికీ, పనీపాటా లేనివాడికీ మన యాసే పెట్టేవాళ్ళు మరి. కానీ ఆ పేరే అల్మేరియావాణ్ణీ, వెల్వావాణ్ణీ, నన్నూ ఒకే గదిలో, ఒకే గిన్నె చుట్టూ కూర్చోబెట్టింది.

ఆ గదిలోనే ఒక ముసలి కూలీ తలుపు గడియ వేసి బ్లాస్ ఇన్ఫాంతే గురించి చెప్పాడు. కాసారెస్‌లో పుట్టిన నోటరీ ఆయన. కూలీల ఆకలి కళ్ళారా చూసి, మనకి భూమీ స్వపరిపాలనా కావాలన్నాడు. 1918లో రోందా సభలో ఆకుపచ్చ, తెలుపు, ఆకుపచ్చ జెండా మనదైంది. కోతల్లో కూలీలు పాడుకునే భక్తిపాట వరసకి మాటలు కూర్చి మన గీతం చేశాడు. 1936 జూలైలో సెవియాలో బ్యాండువాళ్ళు దాన్ని వాయించారు. ఆగస్టులో, తిరుగుబాటు చేసిన ఫ్రాంకో పక్షంవాళ్ళు, విచారణైనా లేకుండా, ఆయన్ని కార్మోనా వచ్చే దారిలో కాల్చేశారు. మన దారి తల్లీ! ఆ దారంట ఎన్నిసార్లు నడిచానో, ఒక్కరూ చెప్పలేదు. అంత భయం. చంపిన నాలుగేళ్ళకి ఆయన దోషి అని కోర్టు తీర్పు కూడా రాసింది.

ఆ నియంత ఫ్రాంకో పోయాక నేను తిరిగొచ్చేశాను. 1977 డిసెంబరు 4, ఆదివారం. స్వపరిపాలన కావాలని అండలూసియా ఎనిమిది జిల్లాల్లోనూ జనం రోడ్ల మీదికొచ్చారు. మీ నానమ్మ పాత దుప్పటికి ఆకుపచ్చ రంగు అద్ది జెండా కుట్టింది. సెవియాలో ఆ జెండా కింద నడుస్తూ ఇద్దరం ఏడ్చాం. అదే రోజు మాలగాలో తూటా తగిలి ఒక కుర్రాడు పోయాడు. మాన్వెల్ హోసే గార్సియా కాపర్రోస్. 18 ఏళ్ళు. ఆ పేరు నువ్వు మరిచిపోకూడదు.

1980 ఫిబ్రవరి 28న ఆ స్వపరిపాలన మీద ఓటు పెట్టారు. ఓటేసినవాళ్ళలో సగం చాలదన్నారు. జాబితాలో ఉన్న అందరిలో సగానికి పైగా, ప్రతి జిల్లాలోనూ, అవుననాలట. ఓటు కాగితం మీద అండలూసియా అన్న మాటే లేదు. అల్మేరియా జిల్లాలో లెక్క తగ్గింది. అయినా జనం పట్టు విడవలేదు. పార్లమెంటే దారి ఇవ్వాల్సొచ్చింది. 1981 చివరికి స్వపరిపాలన చట్టం చేతికొచ్చింది. నీకు ఫిబ్రవరి 28 అంటే ఇక్కడి బడి సెలవు. నాకు మాత్రం ఆ అడ్డా మీద నిలబడ్డ నా తండ్రి తలెత్తిన రోజు.

రేపు బండి దిగగానే నాకు ఫోను చెయ్యి తల్లీ. గదిలోనే కూర్చుని, అందరూ వింటుండగా, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడు.