దళారి ఎవరి పక్షం? — అంతర్జాలంలో కారు బేరం కథ

అమెరికాలో కారు కొనడమంటే చాలాకాలం పాటు ఒక పూట యుద్ధమే. సేల్స్‌మన్ ఒక ధర చెబుతాడు, కొనేవాడు మరొకటి అడుగుతాడు. "మా మేనేజరును కనుక్కొని వస్తా"నంటూ అతగాడు లోపలికి వెళ్లి, కాసేపటికి దిగులు మొహంతో తిరిగివస్తాడు. చివరికి బేరం కుదిరినా, అదే కారును పక్కింటాయన ఎంతకు కొన్నాడో ఇతనికి తెలియదు. ఆ తెలియకపోవడమే డీలరు బలం. అంతర్జాలం వచ్చాక ఆ బలం పోతుందనీ, డీలరన్నవాడే కనుమరుగవుతాడనీ 1990లలో చాలామంది నమ్మారు. మూడు దశాబ్దాలు గడిచాయి. రహస్యం పోయింది గాని డీలరు పోలేదు. కారణం అర్థం కావాలంటే స్కాట్ పెయింటర్ అనే వ్యాపారి కథ తెలుసుకోవాలి. అంతకన్నా ముందు కాస్త పాత చరిత్ర చెప్పుకోవాలి.

1920-21 నాటి మాంద్యంలో హెన్రీ ఫోర్డ్ తన కర్మాగారంలో పేరుకుపోయిన కార్లను డీలర్లకు పంపి, అమ్ముడైనా కాకున్నా రొక్కం చెల్లించమన్నాడు. కాదంటే డీలర్‌షిప్ పోతుంది. డీలర్లు అప్పులు చేసి మరీ చెల్లించారు. ఇటువంటి అనుభవాల ఫలితంగానే తరువాతి దశాబ్దాలలో వివిధ రాష్ట్రాలు డీలర్లకు రక్షణగా ఫ్రాంచైజీ చట్టాలు చేశాయి. కాలక్రమాన చాలా రాష్ట్రాలలో కొత్త కారును ఫ్రాంచైజీ ఉన్న డీలరే అమ్మాలన్న కట్టుబాటు స్థిరపడింది. బలవంతుడి నుంచి బలహీనుణ్ణి కాపాడటానికి కట్టిన గోడ అది. మూడో మనిషి ఎవరూ లోపలికి రాకుండా ఆపే కోటగోడ కూడా అదే అయింది.

ధర సంగతి వేరు. సెనెటర్ మైక్ మన్రోనీ చొరవతో 1958లో వచ్చిన చట్టం ప్రతి కొత్త కారు అద్దం మీదా కంపెనీ సూచించిన ధరను అతికించాలని శాసించింది. 1966 నుంచి ఎడ్మండ్స్ సంస్థ చిన్న పుస్తకాలలో కార్ల ధరలు అచ్చువేసింది. డీలరు కంపెనీకి చెల్లించే ఇన్వాయిస్ ధర కూడా ఇటువంటి ప్రచురణల ద్వారా క్రమంగా బయటికొచ్చింది. అయితే ఆ ఇన్వాయిస్ కూడా అసలు ఖరీదు కాదు. కారు అమ్ముడయ్యాక కంపెనీ డీలరుకు కొంత సొమ్ము తిరిగి ఇస్తుంది. ఉల్లిపాయలా ఒక పొర ఒలిస్తే మరో పొర.

ఈ పొరలన్నీ లోపలినుంచి ఎరిగినవాడు పీట్ ఎల్లిస్. కాలిఫోర్నియాలో పెద్ద డీలరుగా వెలిగి, దివాలా తీసినవాడు. 1995లో ఆటోబైటెల్ స్థాపించాడు. కొనేవాడు జాలస్థలిలో తనకు కావలసిన కారు వివరాలు నింపితే, ఆ కోరిక దగ్గరలోని సభ్యడీలరుకు చేరుతుంది. కొనేవాడికి ఖర్చు లేదు. డీలరు నెలనెలా చందా కడతాడు. 1997 జనవరిలో సూపర్‌బౌల్ ఆట మధ్యలో ఈ సంస్థ ప్రకటన కూడా వచ్చింది. గమనించవలసిన విషయమేమంటే ఎల్లిస్ డీలరును తొలగించలేదు, డీలరు గుమ్మానికి కొత్త దారి వేశాడు, అంతే.

మరో అడుగు ముందుకేసినవారు బిల్ గ్రాస్, స్కాట్ పెయింటర్. 1998లో వారు మొదలుపెట్టిన కార్స్‌డైరెక్ట్ కారును తానే అమ్మబోయింది. జనం తెర మీద చూసి కారు కొంటారా అన్న సందేహం తొలినాళ్లలోనే తీరిపోయింది. కొంటారు! కాని ఫ్రాంచైజీ లేనివాడికి కొత్త కారు ఎవరిస్తారు? డీలరు దగ్గర కొని, తక్కువకు అమ్మి, తేడాను తామే భరించవలసి వచ్చింది. ఆ సంస్థ క్రమంగా రకరకాల జాలస్థలుల యజమానిగా మారి, 2005లో పేరును ఇంటర్నెట్ బ్రాండ్స్‌గా మార్చుకుంది.

పెయింటర్ మాత్రం కార్లను వదలలేదు. 2005లో జాగ్ అనే సంస్థనూ, దాని నుంచి 2008లో ట్రూకార్‌నూ తెచ్చాడు. ఈసారి అతడు అమ్మినది సమాచారం. మీ ప్రాంతంలో ఇదే కారును ఇతరులు నిజంగా ఎంతకు కొన్నారో ఒక గీతచిత్రంగా చూపేవాడు. గంట ఆకారంలో ఉన్న ఆ గీత మీద మీ ధర ఎక్కడ పడుతుందో చూసుకోవచ్చు. పక్కింటాయన ధర అన్న పాత రహస్యం అలా బట్టబయలైంది. ట్రూకార్ ద్వారా వచ్చినవాడు కొంటే డీలరు కొత్త కారుకు 299 డాలర్లు, పాత కారుకు 399 డాలర్లు రుసుము చెల్లించవలసి ఉండేది.

చిక్కంతా ఇక్కడే ఉంది. కొనేవాడి పక్షాన పోరాడుతున్నానంటాడు, జీతం మాత్రం ఎదుటి పక్షం నుంచి తీసుకుంటాడు. 2011 చివర టీవీలో ట్రూకార్ ప్రకటనలు హోరెత్తాక డీలర్లు భగ్గుమన్నారు. తమ చేత ఒకరినొకరు ధర కోయించి, ఆ కోతకు తమ వద్దనే కూలి వసూలు చేస్తున్నాడని వారి ఆరోపణ. ఇన్వాయిస్ కన్నా తక్కువ ధరను ఇలా ప్రకటించే డీలర్లకు ప్రచార భత్యం ఇవ్వనని హోండా హెచ్చరించింది. అమ్మకానికింత అని రుసుము తీసుకోవడం లైసెన్సు లేని దళారీతనమని కొన్ని రాష్ట్రాల అధికారులు అభ్యంతరం చెప్పారు. కొద్ది నెలల్లో మూడోవంతు డీలర్లు వెళ్లిపోయారు. అమ్మేవాడు లేని బజారుకు కొనేవాడు ఎందుకొస్తాడు?

పెయింటర్ 2012లో దారి మళ్లించాడు. డీలర్ల దగ్గరికి వెళ్లి వారి మాట విన్నాడు. కయ్యానికి కాలుదువ్వే ప్రకటనలు ఆపాడు. డీలర్లను అట్టడుగు ధరకు ఎగబడేలా చేసిన పద్ధతిని సడలించాడు. అభ్యంతరమున్న రాష్ట్రాలలో అమ్మకపు రుసుము బదులు చందా పెట్టాడు. అతి తక్కువ ధర అన్న మాట వెనక్కి పోయి, న్యాయమైన ధర అన్న మాట ముందుకొచ్చింది. డీలర్లు తిరిగొచ్చారు. 2014 మేలో 9 డాలర్ల చొప్పున వాటాలు జనానికి అమ్మేనాటికి వారి సంఖ్య 7000 దాటింది.

దీన్ని లొంగుబాటు అనాలా, వివేకం అనాలా? నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. సంస్థ బతికింది, కొనేవాడికి ఒక మెట్టు మేలూ జరిగింది. కాని కూర్చున్న కొమ్మను ఎవరూ నరకరని కూడా రుజువైంది. 2015లో అతిపెద్ద డీలర్ల గొలుసు ఆటోనేషన్, కొనుగోలుదారుల సమాచారం ఎవరిదన్న తగవుతో బయటికి పోయింది. అదే ఏడు పెయింటర్ కూడా పదవి వదిలాడు.

అంతర్జాలంలో కారును నిజంగా అమ్మి నిలిచినవారు పాత కార్ల వ్యాపారులు. కారణం తేలికే, పాత కారుకు ఫ్రాంచైజీ అక్కరలేదు. 2012లో పుట్టిన కార్వానా 2022లో చావు అంచుకు వెళ్లి కోలుకుంది. షిఫ్ట్ 2023లో దివాలా తీసింది. వ్రూమ్ 2024 జనవరిలో కార్ల అమ్మకం మానుకుంది. అమెజాన్ అంతటి సంస్థ 2024 డిసెంబరులో హ్యుండాయ్ కొత్త కార్లు పెట్టినప్పుడు కూడా అమ్మేది డీలరే. 2025లో కార్వానా కొత్త కార్ల కోసం అరిజోనాలో ఒక డీలర్‌షిప్‌ను కొన్నది. డీలర్ల పద్ధతికి ప్రత్యామ్నాయంగా పుట్టినవాడు చివరికి తానే డీలరయ్యాడు!

కొసమెరుపు ఒకటుంది. 2025 అక్టోబరులో ట్రూకార్‌ను వాటాకు 2.55 డాలర్ల చొప్పున కొనే ఒప్పందం ప్రకటించారు. కొనే పక్షానికి నాయకుడు స్కాట్ పెయింటరే. మనిషి తన పాత ప్రశ్న దగ్గరికే తిరిగి వచ్చాడు. ధర అందరికీ తెలిసిపోయాక కూడా, మధ్యనున్నవాడు ఎవరి పక్షమో తెలియాలంటే అతనికి డబ్బు ఎవరిస్తున్నారో చూడాలి. కార్ల బజారు ముప్పై ఏళ్లలో నేర్పిన పాఠం ఇదే. మనకు ఉచితంగా దొరికే తక్కిన సేవలకూ ఇదే గీటురాయి.