చుక్క వెయ్యకూడదు!

1968 జనవరి. న్యూయార్క్. బయట ఎముకలు కొరికే చలి. లాగ్వార్డియా విమానాశ్రయంలో కొద్దిమంది ఆప్టోమెట్రిస్టులు, అంటే కళ్లు పరీక్షించి అద్దాలిచ్చే నిపుణులు, ఒకచోట చేరారు. ఏ సంఘమూ పిలిచిన సమావేశం కాదిది. ఆ వృత్తివాడే ఆల్డెన్ హాఫ్నర్ వచ్చారు. కళ్లపరీక్ష మీద పెద్ద పాఠ్యగ్రంథం రాసిన ఇర్విన్ బోరిష్ వచ్చారు. తేల్చుకోవాల్సింది ఒక్కటే మాట. వాళ్ల వృత్తిలో ఆ మాటెత్తితే సొంతవాళ్లే విరుచుకుపడతారు.

మందు!

అప్పట్లో వాళ్ల పరీక్షగదిలో రోజూ ఇదే తంతు. దీపాలార్పుతారు. పేషెంటు కంట్లోకి వెలుగు కొడతారు. కంటిపాప టక్కున ముడుచుకుపోతుంది. ఇక తాళంచెవి కన్నంలోంచి ఇల్లంతా చూడబోయినట్టు ఆ ఇరుకులోంచే రెటీనా అంచులదాకా వెతకాలి, ఎక్కడ చిరిగిందో, ఎక్కడ రక్తం చిమ్మిందో, నరం ఎక్కడ పాలిపోయిందో కనిపెట్టాలి. పాపను విప్పే చుక్కలమందు బజార్లో ఉంది. చాలాచోట్ల చట్టం మాత్రం వెయ్యనివ్వదు.

ఆ సంకెల వేసిందెవరు?

చాలావరకు వాళ్ల పెద్దలే. 1890లలో ఇదే న్యూయార్క్‌లో చార్లెస్ ప్రెంటిస్ కళ్లు చూసి ఫీజు పుచ్చుకుంటే, లైసెన్సు లేని వైద్యమంటూ డాక్టర్లు మండిపడ్డారు. మేం మందులివ్వం, అద్దాలే ఇస్తాం, అద్దం వైద్యం కాదు అన్నారు ఆప్టోమెట్రిస్టులు. ఈ వాదంతోనే 1901లో మిన్నెసోటాలో తొలి చట్టం గెలిచారు. కాపాడిన ఆ మాటే ఇప్పుడు చేతులు కట్టేసింది. విప్పాలంటే రాష్ట్రం రాష్ట్రం తిరిగి చట్టాలు మార్పించాలి. విమానాశ్రయంలో తేల్చుకున్నది అదే. ఎదురుగా డాక్టర్లు.

వాళ్ల భయం ఉత్తది కాదు. కంట్లో నీరు పోయే కోణం ఇరుకైతే, పాప విప్పిన చుక్కే ఆ దారి మూసేయొచ్చు. కంట్లో ఒత్తిడి భగ్గుమంటుంది. తల పగిలే నొప్పి. వాంతులు. వెంటనే పట్టుకోకపోతే చూపే పోతుంది. ముందు మందుల చదువు చదవండి, పరీక్ష రాయండి అన్న షరతులొచ్చాయి. ఆప్టోమెట్రిస్టులు పుస్తకాలు తెరిచారు.

1971. చిన్న రాష్ట్రం రోడ్ ఐలాండ్ ముందు తలుపు తీసింది. పరీక్ష కోసం చుక్కలు వెయ్యొచ్చు! పాప విచ్చుకుంది. లోపల జబ్బు కనబడింది. మరి మందో? ఇవ్వకూడదు. చూసి, చీటీ రాసి, మైళ్ల అవతలున్న డాక్టరు దగ్గరికి పంపాలి.

1976. కొండల రాష్ట్రం వెస్ట్ వర్జీనియా ఆ గీతా దాటింది. వైద్యానికీ మందు వాడొచ్చంది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పోరు. 1998 నాటికి యాభై రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి.

అయిపోయిందనుకునేలోపే, అదే ఏడాది ఓక్లహోమా ఆప్టోమెట్రిస్టుల చేతికి లేజర్ ఇచ్చింది. డాక్టర్లు మళ్లీ భగ్గుమన్నారు.