మేరీల చందా

చెరువు త్రవ్వించుటను సప్తసంతానములలో నొకటిగా నెంచిన మన పూర్వులు, త్రవ్వించినవాని పుణ్యమొక్కటే చెరువును నిలుపజాలదని యెరిగినవారై, ఏటేట పూడిక తీయించి, కట్టను గట్టిపరచి, తూములను చక్కపెట్టువారికి దశబంధపు మాన్యము లొసగి శాసనములు వ్రాయించిరి. దాత ఒక్కనా డిచ్చును. ఆ దానమును దినదినము పోషింపవలసిన చేతులు వేరు. ఇంగ్లండులో స్కౌటులకును గైడులకును పల్లెపట్టుల వెలసిన శిబిరస్థలముల చరిత్రను చదువునపుడెల్ల నాకీ దశబంధమే జ్ఞప్తికి వచ్చుచుండును.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన దినములలో మెక్లారెన్ అను స్కాట్లండు దేశీయుడు, తూర్పు లండనులోని ఇరుకు సందులలో పెరుగుచున్న బాలురకు డేరా వేసికొనుటకు చెట్టునీడ యైనను లేకపోవుటకు మిక్కిలి వగచి, ఎపింగ్ అడవి చేరువనున్న గిల్వెల్ పార్కును 1919లో 7,000 పౌనులకు కొని స్కౌటుల కొసగెను. ఇల్లు శిథిలము, తోట ముండ్లపొద. బాగుచేయుటకై ఆ యుదారుడు మరి 3,000 పౌను లిచ్చెను గాని, పొదలను నరుకుటకు పౌనులు చాలవు గదా! ఏప్రిలు నెలలో ఈస్టరు పండుగకు ముందటి గురువారమునాడు కొందరు రోవరు స్కౌటులు, జీతము నాసింపని యువకులు, పనిముట్లతో అచ్చటికి చేరిరి. నేల తడిసి డేరాకు అనువుగాక యుండుటచే, తోటలోని పాతపాక యొకదానిలో తలదాచుకొని ఆ రాత్రి గడపిరి. ఆ పాకకు ‘పందుల దొడ్డి’ యను పేరు నిలిచిపోయినది. పిమ్మట పలు వారములు వచ్చిన యువకుల చెమటతో ఆ స్థలము చక్కబడి జూలై 26న ప్రారంభోత్సవము జరిగెను. సెప్టెంబరులో నాయకుల తొలి శిక్షణశిబిరము నడచెను. ఆ శిక్షణను ముగించినవారి మెడగుడ్డపై మెక్లారెన్ వంశపు గళ్లగుడ్డ ముక్క నేటికిని కుట్టబడి యుండును. పొదలు నరికినవారి గురుతు లేవియు గుడ్డపైకి ఎక్కలేదు. వారు పడుకొన్న పాక మాత్రము మిగిలినది, అది చాలునని నా మనసునకు తోచును.

గైడుల కథ ఇంతకంటె హృద్యమైనది. హాంప్‌షైరులోని న్యూ ఫారెస్టు అడవిలో, లిండ్‌హర్స్టు సమీపమున, ఫాక్స్‌లీజ్ అను భవనమును, దాని చుట్టునున్న అరువదియైదు ఎకరముల పచ్చికబయళ్లను ఆన్ ఆర్చ్‌బోల్డ్ అను అమెరికా మహిళ వారికి దానము చేయ సంకల్పించెను. సంతసించి చేయి చాపవలసిన సంఘపెద్దలు వెనుకాడిరి. అంత పెద్దయింటికి పైకప్పు వేయించుట, పొయ్యిలలో కట్టెలు మండించుట, తోటమాలికి జీతమిచ్చుట యెట్లు? వారి బొక్కసము బాలికల చిల్లర కాసులతో నిండినది. భవనముల పోషణ మెరుగదు. దానమును కాదనుటకు మనసొప్పదు, ఔననుటకు ధైర్యము చాలదు. ఈ సంకోచమును పిరికితన మనరాదు. దానము తెచ్చు భారమును ముందే తూచినవారి వివేకమది.

అంతలో 1922 ఫిబ్రవరి 28న, గైడుల సంఘమునకు అధ్యక్షురాలైన రాజకుమారి మేరీ వివాహము జరిగెను. సామ్రాజ్యమందు మేరీ యను నామధేయముగల స్త్రీలందరును తమ పేరిటి వధువునకు కానుకగా చందా కూర్చిరి. కేవలము పేరు కలిసిన బంధుత్వము! ఒకరి నొకరు చూచి యెరుగని స్త్రీలు వేసిన ఆ చందాలోనుండి రాజకుమారి 6,000 పౌనులను ఫాక్స్‌లీజ్ పోషణకై గైడుల కిచ్చివేసెను. పెండ్లి కానుకల ప్రదర్శనము చూడవచ్చిన జనులు చెల్లించిన రుసుములోను కొంతసొమ్ము వారికే చేరెను. అప్పుడు గాని పెద్దలు భవనమును స్వీకరింపలేదు. రెండేండ్లకు, 1924లో, గైడుల తొలి ప్రపంచశిబిర మచ్చటనే జరిగెను. వేయిమందికి పైగా బాలికలు ఆ పచ్చికపై డేరాలు వేసిరి.

1949లో ఈస్టరు సెలవులలో స్కౌటులు ఇంటింటికి పోయి బూట్లు తుడిచి, తోటలు ఊడ్చి, పనికొక షిల్లింగు చొప్పున కూర్చిన నిధియు, మేరీల చందావలె, పలువురి చిన్న మొత్తములతో నిండిన కోవలోనిదే.

నూరేండ్లు గడచినను ఫాక్స్‌లీజ్ పైకప్పు కురియుట మానలేదు, చెల్లింపులు తగ్గలేదు. 2023లో గైడుల సంఘము ఫాక్స్‌లీజ్‌ను, లాంకషైరులోని వాడో భవనమును, మరి మూడు కేంద్రములను మూసి అమ్మివేయ నిశ్చయించినట్లు ప్రకటించెను. తొలి పెద్దలు తూచిన భారమే మరల తక్కెడ కెక్కినది. ఆ వార్త విని, ఎన్నడో బాల్యమున ఆ స్థలములలో నిప్పు చుట్టు కూర్చుండి పాడిన స్త్రీలు, నేడు నెరసిన తలలతో, ఒకరి నొకరు వెదకికొని, సంతకములు సేకరించి, చందా పుస్తకమును మరల తెరచిరి. ఈ పర్యాయము వారందరి పేర్లును మేరీలు కావు.